ఆమె తరఫున చెప్పిన మాట

“వచ్చేటప్పుడు అమ్మ కళ్ళజోడు రిపేరు షాపు నుంచి పట్టుకురా. నీ మీటింగు ఎంతసేపులే” అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కాలోకి చేతులు దూరుస్తూ. అప్పటికే ఆమె కూతురి బూట్లకి పాలిష్ పెట్టింది, అత్తగారి మాత్రలు తీసిపెట్టింది, కుక్కర్ దించింది. తన బట్టల దగ్గరికి వచ్చేసరికి టైము లేదు. ముడతలతోనే బయలుదేరింది.

ఆ రోజు మీటింగు మామూలుది కాదు. యూనివర్సిటీ ఆసుపత్రి ల్యాబులో ఏళ్ళ తరబడి తంటాలు పడి ఆమె తయారుచేసిన పట్టీని ఒక కంపెనీకి అప్పగించే రోజు. కాలిన గాయం మీద వేస్తే ఆ పట్టీ అంటుకుని ఉంటుంది, తీసేటప్పుడు మాత్రం కొత్త చర్మాన్ని లాక్కురాదు. ఒకప్పుడు ఆ వార్డులో కట్టు మారుస్తుంటే పిల్లల ఏడుపు వినలేక ఆమె మెట్ల మీదకి పారిపోయేది. ఈమధ్య అదే వార్డులో ఒక పాప కట్టు మారుస్తుండగానే నిద్రపోయింది. ల్యాబులో అందరూ ఆమెను ‘జిగురమ్మ’ అంటారు. ఎప్పుడు చూసినా వేళ్ళకి ఏదో ఒకటి అంటుకునే ఉంటుంది మరి. ఇంటికి చుట్టాలొస్తే మాత్రం అత్తగారు “మా కోడలు ఆసుపత్రిలో ఏదో చేస్తుందిలెండి” అని తేల్చేస్తుంది.

సంతకాలయ్యాయి. కంపెనీ మేనేజరు టీ కప్పు కింద పెట్టాడు.

“మీరు ల్యాబులో అరచేతంత చేశారు. మాకు తానులు తానులుగా రావాలి. మా ఫ్యాక్టరీకి ఎవరొస్తున్నారు? ఆరు నెలలు అక్కడే ఉండాలి. ఈ పట్టీ తయారీ విభాగం మొత్తం వాళ్ళ చేతిలోనే పెడతాం.”

ఆమె నోరు తెరిచేలోపే ల్యాబు నడిపే ప్రొఫెసర్ తన పక్కనున్న జూనియర్ భుజం తట్టాడు. “మావాడు వస్తాడు.”

చేరి ఏడాదైనా కాని ఆ జూనియర్ ఇబ్బందిగా ఆమె వైపు చూశాడు.

“సార్, నన్ను అడగలేదే?” అంది ఆమె.

“అయ్యో, అడిగానమ్మా! మొన్న ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే మీవారు తీశారు. ‘ఇల్లూ పిల్లా వదిలి ఆవిడెక్కడికి వస్తుందండీ, ఇంకెవరినైనా చూసుకోండి’ అన్నారు. మళ్ళీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని...”

ఆదివారం భర్త తనతో ఎన్ని మాటలు మాట్లాడలేదు! కూరలో ఉప్పు చాలలేదన్నాడు, తువ్వాలు ఎక్కడుందన్నాడు, ఫ్యాను చప్పుడు చేస్తోందన్నాడు. ఇదొక్కటే చెప్పలేదు. దాచాడా అంటే అదీ కాదేమో, చెప్పవలసిన విషయమని అతనికి తోచి ఉండదు. మంటంతా అక్కడే. ఫెలోషిప్ వచ్చినప్పుడు “ఇప్పుడెందుకు, పిల్ల పుట్టాక చూద్దాం” అన్నాడు. పుట్టాక “కాస్త పెద్దదవనీ” అన్నాడు. “ఉద్యోగం చేసుకోనిస్తున్నాం, ఇంకేం కావాలమ్మా?” అంది అత్తగారు. నిజమే, ఇంకేం కావాలని తనూ అనుకుంది. ఇన్నాళ్ళూ తను సర్దుకుపోతున్నాననే అనుకుంది. కానీ సర్దుకుపోవాలన్నా ముందు ఎవరో ఒకరు తనను అడగాలి కదా. ఈసారి ఆ అడగడం కూడా అక్కర్లేకపోయింది.

“నేను వస్తాను” అంది మేనేజరుతో.

ప్రొఫెసర్ కంగారుపడ్డాడు. “ఒకసారి ఇంట్లో అడిగి చెప్పండమ్మా.”

“అడగను సార్. చెబుతాను.”

“బతికించారు మేడమ్” అని గొణిగాడు జూనియర్.

సాయంత్రం అత్తగారికి కళ్ళజోడు ఇచ్చి, అందరి ముందూ సంగతి చెప్పేసింది.

“నాతో ఒక్క మాటైనా అనకుండా ఒప్పేసుకున్నావా?” అన్నాడు భర్త.

“నాతో ఒక్క మాటైనా అనకుండా మీరు కాదన్నారుగా.”

“నీ మంచికే అన్నాను. అలిసిపోతావని.”

“ఇక్కడ అలిసిపోవట్లేదా?”

అతను కూతురి వైపు చూశాడు. కూతురు నవ్వు ఆపుకుంటూ పుస్తకం అడ్డం పెట్టుకుంది. అత్తగారు కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంది. పెట్టుకుని మెల్లగా అడిగింది, “వారానికోసారైనా వస్తావా?”

“వస్తానత్తయ్యా.”

భోజనాలయ్యాక భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “సరే, వెళ్ళు. వెళ్ళేముందు ఏది ఎక్కడుందో, ఎప్పుడేం చెయ్యాలో ఓ కాగితం మీద రాసిపెట్టు” అన్నాడు, పెద్ద మనసు చేసుకున్నట్టు.

ఆమె తను తోముతున్న గిన్నెను అతని చేతిలో పెట్టింది.

“రాసిస్తే వచ్చే పని కాదండీ ఇది. రేపు పొద్దున నాతో పాటు లేవండి.”