పార్కుకి వెళ్ళని ఆదివారం

పెళ్ళయి రెండేళ్ళు. కుట్టుపని చేసుకునే ఆ అమ్మాయి మొగుడితో కాపురం చేసింది మాత్రం ఇరవై రోజులు. తర్వాత అతను విదేశంలో హోటలు వంటపనికి తిరిగి వెళ్ళిపోయాడు. ఆమె వెళ్ళాలంటే వీసా కావాలి, వీసా రావాలంటే ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. మొగుడితో తెలుగులో పోట్లాడుకోవడానికి ఇంగ్లీషెందుకని వీసా ఇచ్చేవాళ్ళను అడిగే ధైర్యం ఎవరికుంది? ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే దరఖాస్తు గడువు కాస్తా దాటిపోతుంది.

కోచింగు మాస్టారికి మాత్రం ఏ బెంగా లేదు. పరీక్షలో కుటుంబం గురించి ఏం అడిగినా చెప్పమని క్లాసులో అందరిచేతా ఒకటే జవాబు బట్టీ పట్టించేవాడు: నేనూ నా భర్తా ప్రతి ఆదివారం పార్కుకి వెళతాం, పువ్వులు చూసి ఆనందిస్తాం. ఆ లెక్కన ముప్ఫైమంది భార్యలూ ముప్ఫైమంది మొగుళ్ళూ ఒకే పార్కులో తోసుకుంటూ పువ్వులు చూస్తుండాలి. "సొంత తెలివి వాడకమ్మా, కొంప మునుగుతుంది," అనేవాడు. ఆమె మిషను తొక్కుతూ, కాజాలు కుడుతూ ఆ పార్కంతా నోటికి నేర్చుకుంది.

పరీక్షగదిలో పరీక్ష పెట్టే ఆవిడ భర్త గురించి చెప్పమంది. పార్కు గడగడా వచ్చేసింది. ఆవిడ పొద్దుట్నుంచీ ఎన్ని పార్కులు విందో పాపం, మొన్న ఆదివారం అక్కడ ఏం చూశారని అడిగింది.

అది నోట్సులో లేదు. మొన్న ఆదివారం అతను వంటగదిలోంచి చేసిన ఫోను గుర్తొచ్చింది.

"నో పార్కు మేడమ్. హస్బెండ్ దేర్, ఐ హియర్. సండే ఓన్లీ ఫోన్. హీ కట్ ఆనియన్, హీ క్రై. హీ సే, ఆనియన్. ఐ నో మేడమ్, నాట్ ఆనియన్. యూ పాస్, వీ పార్కు."

అని భోరున ఏడ్చేసింది.

మూడు వారాలకు ఫలితం వచ్చింది. పాసు! మాస్టారికి ఫోను చేసి, ఏం చెప్పిందో పొల్లుపోకుండా అంతా చెప్పింది. మర్నాడు మిఠాయి పొట్లం పట్టుకుని మెట్లెక్కుతుంటే లోపల్నుంచి ముప్ఫై గొంతులు ఒక్కసారిగా వినిపించాయి.

"నో పార్కు మేడమ్! హీ కట్ ఆనియన్, హీ క్రై!"

బోర్డు మీద ఆ మాటల పక్కనే 'ఇక్కడ ఏడవాలి' అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది.

"అదేంటి మాస్టారూ, అది మా ఆయన సంగతండీ!"

"అందుకే కదమ్మా పాసయ్యావు. పార్కు పాతబడిపోయింది. రా, ఆ ఏడుపు ఎలా ఏడ్చావో వీళ్ళకోసారి చూపించు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పొట్లం బల్ల మీద పడేసి వెనక్కి తిరిగింది. ముందు వరసలోని అమ్మాయి ఆమె కొంగు పట్టుకుంది.

"అక్కా, మా ఆయన లారీ నడుపుతాడు. ఉల్లిపాయలు తరగడు. మరి నేను దేనికి ఏడవను?"

ఆమె ఆ పిల్ల పక్కనే కూర్చుంది. నోట్సు మూసేసింది.

"మీ ఆయన నిన్న ఫోన్లో ఏమన్నాడో అది చెప్పు," అంది.