పుండులో పోసిన పంచదార

నేను ఒక కిలో పంచదారను. వయసు నాలుగేళ్ళు దాటింది. ముసలిదాన్నయ్యానని జాలిపడకండి, నాకు ముసలితనం రాదు. పాలు పూట తిరిగేసరికి విరుగుతాయి, పిండికి పురుగు పడుతుంది, పచ్చడికి బూజొస్తుంది. నన్ను మాత్రం తడి తగలకుండా మూత బిగించి పెడితే పదేళ్ళకైనా ఇలాగే ఉంటాను. ఇందులో నా గొప్పేం లేదు, నాకు దాహమెక్కువ. కంటికి కనిపించని పురుగేదైనా నాలో చేరి బతుకుదామనుకుంటే దాని ఒంట్లో నీళ్ళన్నీ నేనే లాగేస్తాను. చీమల సంగతి వేరు. అవి నన్ను మోసుకుపోతాయే గాని చెడగొట్టవు.

చెరుకుతోటలో పుట్టి, మిల్లులో నలిగి, మరిగి, తెల్లబడి, గోనెసంచిలో పడి మంగళగిరి చేరాను. కొట్లో పొట్లం కట్టించి నన్ను ఇంటికి తెచ్చింది భ్రమరాంబ. ఆవిడ మొగుడు పానకాలు గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. ఆ ఊళ్ళో కొండమీది దేవుడికి పానకం పోస్తారు, ఆ దేవుడి పేరే ఈయనకీ పెట్టారు. ఈయనకేమో ఎనిమిదేళ్ళుగా షుగరు. నేను పుట్టకముందే ఆయన ఒంట్లో చేరిన జబ్బుకి నా పేరు పెట్టడమేం న్యాయమో మీరే చెప్పండి! భ్రమరాంబ నన్ను గాజు సీసాలో పోసి, కందిపప్పు డబ్బా వెనక దొంగసొత్తులా దాచింది. చుట్టాలొస్తే రెండు చెంచాలు తీసేది, మళ్ళీ డబ్బా వెనక్కి నెట్టేది. అందుకే నాలుగేళ్ళయినా సగం సీసా మిగిలాను.

ఆ ఇంటికి ఒక్కటే గది. ఓ పక్క పొయ్యి, అలమర. ఓ పక్క మగ్గం. డబ్బాల సందులోంచి నాకు పానకాలు కనిపించేవాడు. గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని, ఓ కాలి తర్వాత ఓ కాలితో చెక్కలు తొక్కుతూ, పోగుని అటూ ఇటూ మోసే నాడె విసిరేవాడు. నేతంటే అందరూ చేతులనే మెచ్చుకుంటారు గాని, పాదాలు తొక్కకపోతే పడుగు విచ్చుకోదు, నాడెకి దారుండదు.

"మాత్ర ఏసుకున్నావా?" అని భ్రమరాంబ అడిగితే, "పంచదార ముట్టి ఎనిమిదేళ్ళయిందే! ఇంక మాత్రెందుకు?" అని నవ్వేసేవాడు. ఓరి నాయనా, నీ నెత్తుట్లో తిరిగేది నేను కాదు, నేనిక్కడ సీసాలో ఉన్నానని అరవాలనిపించేది. నోరుంటే కదా.

పోయిన శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. మగ్గం గుంటలో నీరూరింది. భ్రమరాంబ చెంబుతో తోడిపోసేది, మళ్ళీ ఊరేది. మగ్గం మీద ఏడు చీరల పడుగుంది, అందులో మూడే అయ్యాయి. ఆ తడిలోనే కాళ్ళు పెట్టి పానకాలు నేశాడు. చెక్కకున్న మేకు పైకి లేచి కుడిపాదంలో గుచ్చుకుంటోందని ఆయనకి తెలియలేదు. అరికాళ్ళ స్పర్శని జబ్బు ఎప్పుడో తినేసింది. నీళ్ళు తోడుతున్న భ్రమరాంబే చూసింది, చెంబులో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమయ్యా, కాలు పైకెత్తు! నెత్తురు!"

"ఏం కాలేదే. అసలు నొప్పే లేదు."

నొప్పి లేదని ఆయన సంతోషపడ్డాడు. నాకు భయమేసింది.

ఆవిడ ఆ మేకుని రాయితో దిగగొట్టింది. ఇక ఆ రోజు నుంచి వంటసరుకంతా ఆ పాదం మీదికి దిగింది. ముందు పసుపు, తర్వాత కాఫీపొడి. దానికీ లొంగకపోతే దూలం మీది సాలెగూడు తెచ్చి అద్దారు. సున్నం, బెల్లం నూరి పట్టు వేశారు. ఒక్కోదానికి ఒక్కొక్కరి సాక్ష్యం, ఫలానావాళ్ళ మావకి దీంతోనే మానిందని. మానని మావ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. చింతగింజంత పుండు రేగుపండంత అయింది.

"ఆసుపత్రికి పోదాం పదయ్యా."

"ఈ పడుగు అవనీవే. సగంలో వదిలేసి పోతే ఈ తడికి పోగులు పాడైపోవా? నాలుగు చీరలేగా."

ఎదురింటి జోజప్ప గారు పెద్దాసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. చూడటానికొచ్చి, వాసనకి మొహం చిట్లించాడు. "మా రోజుల్లో మంచం పట్టినోళ్ళ పుళ్ళకి పంచదార పోసి కట్టేవాళ్ళమమ్మా. నీరు లాగేసుద్ది, వాసన పోద్ది. కానీ ముందు డాక్టరు చచ్చిన కండంతా తీసెయ్యాల, ఎముక దాకా పోయిందేమో చూడాల. ఇది ఇంట్లో చేసే పని కాదు. రేపే తీసకపో," అన్నాడు.

భ్రమరాంబ చెవికి మొదటి రెండు ముక్కలే ఎక్కాయి. నేను మొత్తం విన్నాను, ఏం లాభం?

ఆ సాయంత్రం ఆవిడ నన్ను కిందికి దించి, సీసా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆయన కంటపడకుండా ఇన్నేళ్ళూ దాచినదాన్ని. "షుగరు మనిషికి పుండులో పంచదారా?" అని తనలో తనే గొణుక్కుంది. ఆఖరికి కొండమీది స్వామికి దణ్ణం పెట్టి నన్ను పుండులో పోసింది. సగం పలుకులు చాప మీద పడ్డాయి, మిగిలినవాటి మీద గుడ్డతో కట్టు కట్టింది.

సీసాలో మిగిలిందీ నేనే, పుండులో పడిందీ నేనే. నాకు తెలిసిన పని ఒక్కటే, అది చేశాను. చీమూ నీరూ లాగాను. నాలుగు రోజులకి వాసన తగ్గింది, పైన ఆరింది. ఇద్దరి మొహాలూ విప్పారాయి.

"సూశావా? ఆసుపత్రని ఒకటే గోల చేశావు!" అంటూ ఆయన మళ్ళీ గుంటలోకి దిగాడు.

తడికి కట్టు నాని, నేను కరిగి పాకమై కారిపోయాను. కారిపోయేముందు చూశాను. నాకు అందనంత లోపల, ఎముక పక్కన, కండ నల్లబడి ఉంది. వాళ్ళు మాత్రం నేను ఆరబెట్టిన పైభాగమే చూసి మురిసిపోతున్నారు. వాళ్ళకి ధైర్యమొచ్చింది నన్ను చూసుకునే, ఆలస్యమైంది నా వల్లే. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది, ఏడిస్తే కరిగిపోతాను.

అయిదో చీర సగంలో ఉండగా పానకాలు చలిజ్వరంతో మగ్గం మీదే ఒరిగిపోయాడు. జోజప్ప గారు ఆటో పిలిచి, అది వచ్చేలోగా కట్టు విప్పి చూశాడు.

"నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది తల్లీ?"

"మంచి జరుగుద్దనుకున్నా బాబాయ్," అంది భ్రమరాంబ.

ఇరవై రోజులకి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చారు. పానకాలుకి కుడికాలు మోకాలి కిందికి జానెడు మాత్రమే ఉంది. పరామర్శకి వచ్చినవాళ్ళకి టీలు పెట్టడానికి నన్ను వాడారు. టీ బాగుందన్నారు వాళ్ళు. నాకు సిగ్గేసింది.

వానలు వెలిశాక గుంట ఆరింది. ఒకరోజు పొద్దున్నే భ్రమరాంబ కుచ్చిళ్ళు ఎగదోపి అందులోకి దిగింది. ఇన్నేళ్ళూ నూలు కండెలు చుట్టిందే గాని ఎప్పుడూ మగ్గం తొక్కలేదు. పానకాలు పక్కనే స్టూలు వేయించుకుని కూర్చున్నాడు.

"ఎడం... కుడి... తొందరొద్దు. ఎడం... కుడి..."

కుడి అన్నప్పుడల్లా కట్టు కట్టిన ఆ మోకాలు లేచి దిగుతోంది. ఆయనకి తెలియడం లేదు. భ్రమరాంబ తల తిప్పి అది చూసింది. చెక్కల మీద ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి.

"ఏందే, ఆపావు?"

"ఏం లేదు. నువ్వు చెప్పయ్యా."

ఆయన మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ ఆయన వైపు తిరగకుండా తొక్కుతూ పోయింది.