బెల్టు మీద కోడిపిల్లలు

సారవ్వకు కోళ్లు పెంచాలన్నది పెళ్లినాటి కోరిక. మొగుడు లింగమూర్తి బొగ్గుబాయిలో డ్యూటీ చేసినన్నాళ్లూ కంపెనీ క్వార్టరులో అది కుదరలేదు. ఆయన రిటైరై గోదావరిఖని శివారులో ఇల్లు కట్టాక పెరట్లో షెడ్డు లేచింది, సంతలో కొన్న కోడిపిల్లలు అందులో చేరాయి. మూడోనాటికే సగం పిల్లలు కాళ్లు చెరోవైపు చాపి పొట్ట మీద పడిపోయాయి.

“ఈ పిల్లల జాతే మంచిది కాదు,” అని తేల్చేశాడు లింగమూర్తి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! షెడ్డులో తప్పుందంటే ఆయన ఊరుకోడు. బొగ్గు మోసి నున్నగా అరిగిన కన్వేయర్ బెల్టు ముక్కల్ని పాత సామాన్ల కొట్లో ఏరి, నేలంతా పరిచింది ఆయనే మరి. బాయి మనిషికి గడప ముందు కాళ్లు తుడిచే పట్టాకైనా, పందిరి మీద కప్పుకైనా బెల్టు ముక్కను మించింది లేదు.

సున్నం తక్కువైందేమోనని సారవ్వ ఎముకల మందు తెచ్చి నీళ్లలో కలిపింది. పిల్లలు లేవలేదు.

“ఆదివారం దాంక చూస్త. లేవకపోతే అన్నిటిని అమ్మినోనికే ఇచ్చి షెడ్డు పీకేస్త,” అన్నాడాయన. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో సారవ్వ ఏమని వాదించాలి?

మర్నాడు పొద్దున లింగమూర్తి బెల్టు కడిగి, బకెట్టు పట్టుకొని వెనుదిరిగాడు. ఎడమకాలు గోడవైపు పోయింది, కుడికాలు తలుపువైపు పోయింది. గుంజను కౌగిలించుకొని ఆగాడు. సారవ్వకు నవ్వు పొంగుకొచ్చి సగంలోనే ఆగింది. ఆయన జారిన తీరూ పిల్లలు పడ్డ తీరూ ఒక్కటే.

“ఏందయ్య, నీ బొక్కలకు గూడ మందు కలపాల్నా?” అంది.

ఆయన మూతి ముడుచుకొని ఇంట్లోకి పోయాడు. ఆమె బెల్టు మీద గోనెసంచులు పరిచి, పైన మందంగా ఊక పోసింది. కాళ్లు ఎడంగా పోయిన పిల్లల్ని ఒక్కొక్కటిగా ఒళ్లో పెట్టుకొని, రెండు కాళ్లూ పొట్ట కిందికి తెచ్చి, మధ్యలో కాస్త సందు వదిలి మెత్తటి గుడ్డపేలికతో కట్టింది. రోజూ కట్టు విప్పి చూసి, మళ్లీ కట్టింది.

ఆదివారం లింగమూర్తి గంప పట్టుకొని వచ్చాడు. సారవ్వ కట్లన్నీ విప్పేసి, నూకల పళ్లెం మీద వేలితో కొట్టింది. పిల్లలన్నీ ఊక ఎగజిమ్ముతూ పరుగెత్తుకొచ్చాయి. అన్నిటికన్నా చిన్నది తూలి కూలబడి, మళ్లీ లేచి, పెద్దవాటిని తోసుకొని పళ్లెంలోకే ఎక్కి నిలబడింది. సారవ్వ కళ్లు నిండాయి. పెళ్లినాడు కూడా ఆమెకు అంత సంతోషం కలగలేదు.

లింగమూర్తి గంప బోర్లించి దాని మీదే కూచున్నాడు.

“ఇవి పెద్దగైతే ఈ షెడ్డు సాలది. పక్కకు ఇంకోటి ఎయ్యాలె,” అన్నాడు మెల్లగా.

“ఎయ్యి. కప్పు నువ్వు చూసుకో,” అంది సారవ్వ. “నేల సంగతి నేను చెప్త.”