పై బల్ల

గురువారం గరాజులో మంచు తోసే బండి బాగుచేస్తుంటే మా ఆయన ఉర్హోకి తలలో ఏదో ఠప్పున పేలినట్టయింది. అరగంటసేపు గోడకానుకుని కూర్చున్నాడు. తగ్గాక జలుబుకి ఇంకో రెండు ముక్కుదిబ్బడ మాత్రలు మింగి, "శనివారం సౌనాలో కూర్చుంటే ఇవన్నీ పోతాయిలే" అన్నాడు.

మా ఫిన్లాండువాళ్లింతే. సౌనాకి, అదే, చెమటలు పట్టేదాకా కూర్చునే ఆవిరిగదికి తగ్గనిది చావురోగమేనని మా అమ్మమ్మ అనేది. అబద్ధమెందుకు, నేనూ నమ్మాను. డాక్టరు దగ్గరికి పద అనలేదు సరికదా, శనివారం మధ్యాహ్నం సౌనా పొయ్యిలో కట్టెలు పెట్టింది నేనే.

లోపలికి వెళ్లింది మా ఆయన, మా తమ్ముడు వైనో. ముప్పై ఏళ్లుగా ఇద్దరికీ ఒకటే పందెం. వేడి బాగా తగిలే పై బల్ల మీంచి ముందు దిగినవాడు ఓడినట్టు, వారానికి సరిపడా కట్టెలు కొట్టాలి. వైనో ఒక్కసారీ ఓడలేదు.

నేను వంటింట్లో రొట్టె కోస్తుంటే తలుపు దబాలున తెరుచుకుంది. తువ్వాలు చుట్టుకుని, వట్టికాళ్లతో మంచులో పరుగెత్తుకొచ్చాడు వైనో.

"అక్కా! బావ తల పట్టుకుని అరుస్తున్నాడు! దిగమంటే దిగడం లేదు!"

వెళ్లి చూద్దును కదా, మనిషి పాలిపోయి పై బల్లనే పట్టుకుని ఉన్నాడు.

"వాడు... ముందు దిగాలి..." అని గొణిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "వాడెప్పుడో దిగాడు! నీ పందెం తగలెయ్య!" అని ఇద్దరం కలిసి దించాం.

అంబులెన్సులో ఉన్నమ్మాయి, ఒక్కసారిగా ఇంత నొప్పి వచ్చిందంటే మెదడులో రక్తనాళం చిట్లి ఉండొచ్చు అంది. ఆసుపత్రిలో స్కానులు అయ్యేదాకా రెండు గంటలు, కట్టెలు పెట్టిన ఈ చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాను. పక్కన వైనో. హడావిడిలో చేతికందిన నా పూలకోటు తగిలించుకొచ్చాడు. నవ్వే ఓపిక ఎవరికుంది?

చివరికి డాక్టరమ్మ వచ్చింది.

"రక్తం కారలేదమ్మా. రక్తనాళాలు అక్కడక్కడ బిగుసుకుపోయాయి. ఆ ముక్కుదిబ్బడ మాత్రలు నాళాల్ని బిగిస్తాయి, దానికితోడు ఆ వేడి. కొన్నాళ్లు మా కళ్లముందే ఉండాలి. మెల్లగా వాటంతటవే సడలుతాయి. కానీ గురువారమే రావలసింది కదా! ఇలాంటి నొప్పికి ఒక్క నిమిషం ఆగకూడదు. మూణ్ణెల్లు సౌనా ఊసెత్తకండి."

అమ్మయ్య! అక్కడే గోడకి తలానించి ఏడ్చేశాను. తిట్టినా తిట్టనీ, బతికాడు, అది చాలు.

మంచం మీద మా ఆయన కళ్లు తెరిచి, "మూణ్ణెల్లా? దానికంటే చావడమే..." అన్నాడు.

"నోర్ముయ్!" అన్నాను.

మా ఆయన వైనో వంక తిరిగి, "నిజంగా నువ్వే ముందు దిగావుట్రా?" అన్నాడు.

"నేనే బావా. ఓడిపోయాను" అంటూ అరవై ఏళ్ల మనిషి ఆ పూలకోటులో వెక్కి వెక్కి ఏడ్చాడు.

మా ఆయన వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అయితే కట్టెలు నువ్వే కొట్టాలి" అన్నాడు.

"మూణ్ణెల్లకీ కొడతాను బావా."

చెయ్యి మాత్రం ఇద్దరిలో ఎవరూ ముందు వదల్లేదు.