రెండు వందల అంకెలు

వీధిలో అందరూ మా ఆయన్ని అంకెలాయన అంటారు. భూముల కొలతల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. గాలి వచ్చే గది ఆయన కంప్యూటరుది. నాకూ నా కుట్టుమిషనుకూ వంటింటి మూల మిగిలింది.

ఆ కంప్యూటరు ఏళ్ల తరబడి ఒకే పని చేస్తోంది. రెండు వందల అంకెలున్న ఒక సంఖ్య, ఏ రెండు సంఖ్యల్ని గుణిస్తే వస్తుందో వెతుకుతోంది. అది ప్రధాన సంఖ్య కాదని, విడిపోతుందని ఎప్పుడో రుజువైపోయిందట. దేంతో విడిపోతుందో మాత్రం లోకంలో ఎవరికీ తెలియదట.

"విడిపోతుందని తెలిశాక ఇంకేం కావాలండీ?" అన్నాను ఒకసారి.

"దేంతో అన్నదే కావాలి. అది దొరికిన రోజున దీన్ని కట్టేసి నీ దగ్గరికొచ్చి కూర్చుంటా. ఒట్టు."

ఆ మాట పట్టుకునే బతికాను. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం భోంచేసి ఎన్నేళ్లయిందో! ఆయన కంచం తెర ముందుకే వెళ్లాలి. నేను కుట్టుమిషనుతో మాట్లాడుకునేదాన్ని. అదైనా టకటకమని బదులిచ్చేది.

మొన్న పొద్దున ఆ గదిలోంచి పెద్ద కేక. పరుగెత్తాను. దొరికిందట! నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, ఆ దిక్కుమాలిన సంఖ్య కోసం కాదు. ఆ పూట వంటింట్లో నా ఎదురుగా కూర్చుని భోంచేశారు. కూరలో ఉప్పెక్కువైందని వంక కూడా పెట్టారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

ఈయన పంపిన జవాబు చూసి, సాయంత్రం ఆయన స్నేహితుడు, కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు, ఫోను చేశాడు. స్పీకర్లో నాకూ వినిపిస్తోంది.

"ఇంట్లో కంప్యూటరుకే విడిపోయేంత తేలికైతే ఈపాటికి ఎవరో పట్టేసేవాళ్లు కదరా. అనుమానమొచ్చి అసలు సంఖ్యతో పోల్చి చూశాను. మధ్యలో పక్కపక్కనున్న రెండంకెలు నువ్వు తారుమారుగా కొట్టావు. నువ్వు విడగొట్టింది వేరే సంఖ్యని."

"మొదట్లోనే అంకెలన్నీ కూడి చూసుకున్నాన్రా! మొత్తం సరిపోయింది!"

"చోట్లు మారితే మొత్తం ఎందుకు మారుతుందిరా?"

ఆయన ఫోను పెట్టేశారు. ఎవరికీ అక్కర్లేని సంఖ్య ఒకటి మా ఇద్దరి కాలాన్నీ మింగేసింది. పోనీలెండి, దొరికిందేదో దొరికింది అనబోయి, ఆయన మొహం చూసి వంటింట్లోకి వెళ్లిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే రాలేదు. వెళ్లి చూశాను. కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు, చేతిలో ఆ అసలు సంఖ్య ఉన్న కాగితం. సన్న అక్షరాలు ఆయన కళ్లకి ఆనడం మానేశాయి.

"కాస్త చదివి పెడతావా? ఈసారి తప్పు పోకూడదు."

ఇంకెన్నేళ్లని నేను అడగలేదు. అన్నేళ్లు మాకు లేవు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఒక్కో అంకే చదువుతూ సగం దాకా వచ్చి ఆగాను. రెండంకెలు మార్చి చదివితే చాలు, మళ్లీ తేలిగ్గా విడిపోయే సంఖ్య తగలొచ్చు. మళ్లీ ఒక్క పూటైనా నా ఎదురుగా కూర్చుంటారు.

"ఏమైంది?"

"ఏం లేదండీ. గొంతు ఆరిపోయింది."

ఆయన్ని మోసం చేయడానికి మనసొప్పలేదు. కాసిని నీళ్లు తాగి, ఉన్నది ఉన్నట్టే చివరిదాకా చదివాను. ఆయన ఎంటర్ కొట్టి, నా వైపు తిరగకుండానే అన్నారు.

"ఇక నువ్వెళ్లి భోంచెయ్యి."