జంగప్ప ముక్కు

తాండూరులో సొంత గోడ ఉన్నవాడెవడైనా దాని మీద జంగప్ప చేత బొమ్మ గీయించుకోవాల్సిందే. పెళ్లింటికి ఏనుగులు, పిండిగిర్నీకి తిరగలి విసిరే ఆడమనిషి, కల్లు దుకాణానికి ఏం గీశాడో చెప్పక్కర్లేదు. ఇంతా చేసి అతగాడి సామానల్లా ఒక ఈతపుల్ల, ఎర్రమట్టి జాజు, సున్నం. కొస నలగ్గొట్టిన ఈతపుల్లతో సన్నగీత రమ్మంటే వస్తుందా? అందుకని నుదురు, ముక్కు, గడ్డం ఒకే ఊపులో లాగి, కన్ను దగ్గర ఒక చుక్క పెట్టేవాడు. మనుషులంతా పక్కకే చూసేవారు. అందరికీ ఒకటే చిలకముక్కు. లేమి నేర్పిన ఆ విద్యే అతనికి పేరు తెచ్చింది. "బ్రష్షులు కొనుక్కోరాదు?" అని ఎవరైనా అంటే, "పుల్ల ఇడిస్తె జంగప్ప యాడుంటడు?" అని మీసం దువ్వేవాడు. గర్వానికి పన్ను లేదు కదా.

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు ఎండాకాలంలో అతని తల్లి మొగులమ్మ తప్పిపోయింది. అప్పటికి కొంతకాలంగా ఆమెకు మతి సరిగా లేదు, కన్నకొడుకునే "ఎవరింటి పిలగానివి?" అని అడిగేది. వికారాబాదు బండెక్కుతుంటే స్టేషన్లో ఎవరో చూశారు. జంగప్ప వెంటనే వికారాబాదు వెళ్లి వెతికాడు. "ముసల్ది, ఎర్ర చీర, నడుం వంగింది" అని చెబితే, "అసొంటోళ్లు దినాం మస్తుమంది దిగుతరు" అన్నారు. ఫోటో చూపిద్దామంటే లేదు. ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతుందని మొగులమ్మ జన్మలో దిగలేదు.

"గోడల మీద ఊరందర్ని గీస్తివి, అత్తమ్మను గీయరాదా?" అంది భార్య బీరమ్మ.

జంగప్ప బడిపంతుల్ని పెన్సిలు అడిగి తెచ్చాడు. తల్లి ముఖం కళ్లముందే ఉంది: ఎత్తుగా ఉండే బుగ్గ ఎముకలు, నుదుటి మీద పచ్చబొట్టు, ఒక కన్ను కాస్త చిన్నది. ఎదురుగా చూసే ముఖం గీయబోతే గుమ్మడికాయకు కళ్లు పెట్టినట్టొచ్చింది. చెరిపాడు, మళ్లీ గీశాడు, కాగితం చిరిగింది. గతిలేక ఈతపుల్ల తీశాడు. అట్ట మీద ఒక్క ఊపులో ముసలమ్మ వచ్చేసింది, ఎంతో అందంగా, పక్కకు చూస్తూ.

బీరమ్మ చాలాసేపు చూసింది. "అత్తమ్మది చప్పిడి ముక్కు గదయ్యా" అంది మెల్లగా.

"నాకెర్క లేదా? చెయ్యి ఇనకపాయె!" అని కసిరాడు. కన్నతల్లి ముక్కు గీయలేని చెయ్యి ఉంటే ఎంత, ఊడితే ఎంత అని ఏడుపొచ్చింది. అయినా ఏమీ లేనిదానికంటే నయమని ఆ అట్టే పట్టుకుని బండెక్కాడు.

వికారాబాదు స్టేషన్లో కూలీలు చూసి తల అడ్డంగా ఊపారు. బయట చాయ్ హోటల్ నడిపే జమాల్ మాత్రం అట్ట చూడగానే చేతిలో గిన్నె కింద పెట్టేశాడు.

"గిది నాకెర్కనే!"

జంగప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు. "యాడ జూసినవన్నా? బాగున్నదా? ఏమన్న తిన్నదా?"

"తినుడేంది వయా! తాండూరుల పిండిగిర్ని గోడ మీద ఉంటది గదా, జంగప్ప బొమ్మ. గా ముక్కు జూస్తె గుడ్డోడు గూడ చెప్తడు." జమాల్ అట్టను వెలుగుకు తిప్పి మురిసిపోయాడు. "మా హోటల్ గోడకు గూడ ఒకటి గీయించాలె. ఆయన యాడుంటడో నీకెర్కనా?"

తల్లిని వెతకడానికి వచ్చిన జంగప్పకు దొరికింది తనే.

"ఎర్క లేదన్నా" అన్నాడు.

ఇంతలో బండి కూత వినబడింది. అట్టను జమాల్ చేతిలోనే వదిలేసి, దిగేవాళ్ల ముఖాలు చూడటానికి ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తాడు.