సారు చెప్పని మాట

"ఈ పూట కాలేజీకి పోయి, ఇంక రానని ఆ పిల్లకు చెప్పిరా. రేపట్నించి ఇంట్లో పని చూసుకో," అని అత్తగారు సరస్వతమ్మ అన్నప్పుడు హైమావతి రోటి ముందు కూర్చుని పప్పు రుబ్బుతోంది. అప్పటికే నీళ్లు మోసింది, ముగ్గేసింది, రెండు పొయ్యిల మీద వంట ముగించింది. ఇంకా చూసుకోవలసిన పని ఏం మిగిలిందో ఆమెకు తట్టలేదు. భర్త పుల్లారావు తల తుడుచుకుంటూ తల్లికి వంత పాడాడు. "ప్రిన్సిపాలు గారడిగినాడని పంపితిమి. ఆర్నెల్లాయె. అయినా ఆడ నువ్వు చేసేదేముంది, ఊరికే కూర్చోని రాసేదే గదా!"

ఆ పిల్ల దయామణి, పలకల గనిలో రాయి చీల్చే ఎజ్రా కూతురు. పదేళ్లప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది, మాట మాత్రం మిగిలింది. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం వచ్చాక మార్కాపురంలో కొత్తగా పెట్టిన కాలేజీలో, ఆ తరగతికంతా ఒక్కతే ఆడపిల్ల. పాఠం వినపడదు. రాసిపెట్టడానికి పక్కన కూర్చోమంటే మగపిల్లలు సిగ్గుపడి చచ్చారు. అందుకని ఎస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చున్న హైమావతి వెళ్లింది. పుల్లారావు తన దుకాణంలో అంచులు విరిగి అమ్ముడుపోని పలకలు నాలుగిచ్చాడు. లెక్చరరు చెప్పేది ఆమె పలక మీద రాసి అటు జరుపుతుంది. దయామణి దాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, తుడిచి ఇటు జరుపుతుంది.

మొదట్లో ఏది వదిలేయాలో తెలియక హైమావతి అన్నీ రాసేది. 'సారు దగ్గాడు.' 'వెనక బెంచీ వాణ్ణి గాడిద అన్నాడు.' క్లాసంతా నవ్వి ఊరుకున్నాక దయామణి ఒక్కతే పగలబడి నవ్వేది. కొన్నాళ్లకు మగపిల్లలే సర్దుకున్నారు. సారు ఏదైనా చమత్కారం చేస్తే ముందు హైమావతి చేతిలోని బలపం వైపు చూస్తారు, అది ఆగాక అందరూ కలిసి నవ్వుతారు. ఇంట్లో "తొందరగా కానీయ్" అనిపించుకోవడమే ఎరిగిన మనిషి కోసం ముప్పైమంది ఆగుతున్నారు! ఆ గంటసేపూ ఆమెకు ఎంత సంతోషమో చెప్పలేం.

ఆ పూట ఆర్థికశాస్త్రం క్లాసులో ప్రకాశరావు సారు జాతీయాదాయం గురించి చెప్పాడు. "వంటమనిషిని జీతానికి పెట్టుకుంటే ఆమె పని జాతీయాదాయంలో చేరుతుంది. ఆమెనే పెళ్లి చేసుకుంటే చేరదు. అప్పుడు ఆర్థికశాస్త్రం దృష్టిలో అది పని కాదు." హైమావతి అక్షరం పొల్లుపోకుండా రాసింది. పలక అడుగున కాస్త చోటు మిగిలింది. అక్కడ 'రేపట్నించి రాను' అని రాద్దామనుకుని బలపం ఆనించింది. కానీ ఆ మాట రాయబుద్ధి కాలేదు. ఒళ్లంతా మండిపోయింది. 'ఇది సారు చెప్పలేదు, నేనంటున్నా. ఈ మాట తప్పు. సారు పొద్దున తిన్న అన్నం ఎవరు వండినారో?' అని రాసి పలక జరిపేసింది.

దయామణి చదివి కిలకిలా నవ్వేసింది.

"నేనేం నవ్వుమాట చెప్పలేదే!" అన్నాడు ప్రకాశరావు, అయోమయంగా.

దయామణి లేచి, తన గొంతు తనకు వినపడదు కాబట్టి వరండా దాకా వినిపించేలా ఆ పలక చదివేసింది. క్లాసు గొల్లుమంది.

"ఎవరిదా మాట?"

హైమావతి బలపం కింద పెట్టింది. లేచి నిలబడింది. "నాదేనండీ."

"ఎట్లా తప్పంటారమ్మా?"

"ఆ పని ఒక్కపూట ఆపితే ఎన్ని పనులు ఆగిపోతాయో చూడండి. మీరీడికి పస్తుతో రావాల."

ప్రకాశరావు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. నవ్వాడు. "ఈ సంగతి నా పుస్తకంలో లేదు. రేపు ఈ గంట మీరు తీసుకోండమ్మా. మీరు చెప్పండి, దయామణికి పలక నేను రాస్తాను."

"అక్కా, వస్తావా?" అంది దయామణి, ఆ మాటలు హైమావతి రాసి జరిపిన పలక చదివి. అవునన్నట్టు హైమావతి ఆమె భుజం తట్టింది.

ఇంట్లో అడుగుపెట్టగానే సరస్వతమ్మ అడిగింది, "చెప్పొచ్చినావా?" పుల్లారావు పీట మీద కూర్చుని వడ్డన కోసం చూస్తున్నాడు.

"లేదత్తయ్యా. రేపు కాలేజీలో పాఠం నేనే చెప్పాల," అంది హైమావతి. "అది మనింట్లోనే మొదలుపెడతా. పొద్దున పొయ్యి నేను వెలిగించను."